పీవీ విదేశాంగ విధానం మా కుప్పం కయ్యల (పొలాల) దాకా ఎలా వచ్చింది?

ప్రశ్న: పీవీ నరసింహారావు అనగానే అందరూ ఆర్థిక సంస్కరణల గురించే చెబుతారు. ప్రధానిగా విదేశీ వ్యవహారాల్లో ఆయన చేసిందేమిటి? మామూలు జనానికి దానివల్ల ఒరిగిందేమైనా ఉందా?

జవాబు: ఉంది. కాకపోతే దాని మీద పీవీ పేరు రాసి ఉండదు కాబట్టి ఎవరికీ కనబడదు. నేను తిరుపతిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. ‘లుక్ ఈస్ట్’ (తూర్పు ఆసియా దేశాల వైపు చూపు) అని రాసి ఊరుకుంటే ఒక మార్కు పడుతుందేమో గానీ విషయం అర్థం కాదు.

ముందు ఆయన కుర్చీ ఎక్కినప్పటి పరిస్థితి చూడండి. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీని చంపేశారు. సరిగ్గా నెలకు, జూన్ 21న పీవీ ప్రమాణ స్వీకారం చేశారు. ఆ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు. తర్వాత నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. ప్రభుత్వానికి మెజారిటీ లేదు. ఉన్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోతే గొప్ప. జులైలో దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు తరలించి తాకట్టు పెట్టారు. అంతకుముందు ఏడాదే ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో గల్ఫ్ సంక్షోభం మొదలైంది. మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయినవాళ్లు కట్టుబట్టలతో ఇళ్లకు చేరారు. వాళ్లు పంపే డబ్బూ ఆగిపోయింది. ఇవన్నీ చాలవన్నట్టు ఆ డిసెంబర్‌కల్లా సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది. మన ఆయుధాలు, వాటి విడిభాగాలు, భద్రతామండలిలో మన తరఫున పడే వీటో, అన్నీ అక్కడివే. అప్పుల్లో మునిగిన ఇంటికి ఆదుకునే మేనమామ కూడా పోయినట్టు అయింది.

ఇక్కడ పీవీని ఆకాశానికెత్తేవాళ్లు దాటేసే సంగతి ఒకటుంది. 1991 ఆగస్టులో మాస్కోలో సోవియట్ అధినేత గోర్బచేవ్‌ను దించేయడానికి కుట్ర జరిగినప్పుడు, పీవీ సంస్కరణల్లో మరీ తొందరపడేవాళ్లకు ఇదో హెచ్చరిక అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. మూడు రోజుల్లో కుట్ర చప్పబడింది, మన పరువు పోయింది. అంతకుముందు రెండు విడతలు విదేశాంగ మంత్రిగా చేసిన మనిషి నోట ఆ మాట రావాల్సింది కాదు. ఆ దెబ్బతోనేనేమో, ఆ తర్వాత ఆయన విదేశీ వ్యవహారాల మీద పైకి మాట్లాడింది తక్కువ.

ఇక మా కుప్పం సంగతి. అది ఇజ్రాయెల్‌తో మొదలవుతుంది. ఇజ్రాయెల్‌ను భారత్ 1950లోనే గుర్తించింది. అయినా నలభై ఏళ్లపాటు పూర్తి స్థాయి రాయబార సంబంధాలు లేవు. బొంబాయిలో ఒక కాన్సులేట్‌తో సరిపెట్టారు. అరబ్ దేశాల్లో చమురుంది, మనవాళ్ల ఉద్యోగాలున్నాయి, కశ్మీర్ విషయంలో వాళ్ల ఓట్లూ కావాలి. మరి 1992 జనవరి 29న సంబంధాలు ప్రకటించగలిగారంటే వరసగా జరిగిన పనులు చూడాలి. 1991 అక్టోబర్‌లో మాడ్రిడ్‌లో అరబ్బులే ఇజ్రాయెల్‌తో చర్చలకు కూర్చున్నారు. డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో జియోనిజాన్ని (యూదులకు సొంత దేశం కోరే ఉద్యమాన్ని) జాత్యహంకారం అన్న పాత తీర్మానాన్ని రద్దు చేయడానికి మనం ఓటేశాం. జనవరిలో పాలస్తీనా నేత యాసర్ అరాఫత్‌ను ఢిల్లీకి పిలిచి మర్యాద చేసి, విషయం ఆయన చెవిన వేశారు. ఆయన పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. ఆ నెలలోనే చైనా కూడా ఇజ్రాయెల్‌తో సంబంధాలు పెట్టుకుంది. ఆ తర్వాతే మన ప్రకటన. ఇంకో రెండు రోజులకు, జనవరి 31న, పీవీ న్యూయార్క్‌లో భద్రతామండలి శిఖరాగ్ర సమావేశంలో కూర్చున్నారు. పాలస్తీనాతో తెగదెంపులు లేవు, గల్ఫ్‌లో మనవాళ్ల కొలువులకు ఇబ్బంది రాలేదు.

కొన్నేళ్లకు, 1990ల చివర్లో, కుప్పంలో ఇజ్రాయెల్ సేద్యం మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు సొంత నియోజకవర్గం కాబట్టి అక్కడ పెట్టారు, అందులో రహస్యమేమీ లేదు. మా ఊరు అక్కడికి దగ్గరే. మా నాయన, నేను చూడ్డానికి పోయాం. నల్ల పైపులు కయ్య పొడవునా పరిచారు, మొక్క మొదట్లో బొట్టు బొట్టుగా నీళ్లు. ఎరువు కూడా ఆ నీళ్లలోనే కలిపి వదులుతున్నారు. మా నాయన పైపు ఒకటి పైకెత్తి చూసి, "ఇంతేనా నీళ్లు?" అన్నాడు. రాత్రి పూట కరెంటు వచ్చే వేళకు లేచి పార పట్టుకుని నీళ్లు పారగట్టే మనిషికి అది సేద్యంలా అనిపించలేదు.

ఆ తోట కథ మాత్రం గొప్పగా చెప్పుకునేలా లేదు. చిన్న రైతుల కయ్యలు కలిపేసి, గెనిమలు (గట్లు) చెరిపేసి, ఖర్చంతా భరించి నడిపారు. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఆ ఖర్చు రైతు మోయలేకపోయాడు. దాని మీద వచ్చిన విమర్శల్లో చాలా వరకు న్యాయమే ఉంది. కానీ డ్రిప్ మాత్రం మా దగ్గర నిలిచింది. 2003లో రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మ సేద్యం పథకం తెచ్చి సబ్సిడీ ఇచ్చాక మేమూ టమాటాకు వేసుకున్నాం. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. డ్రిప్పర్ల నోళ్లలో తెల్లగా పెట్టు కట్టి నీళ్లు ఆగిపోయేవి. మొదట్లో గుండుసూదితో పొడిచేవాళ్లం, దాంతో రంధ్రం పెద్దదై ఒక మొక్కకు ఎక్కువ, పక్క మొక్కకు తక్కువ. తర్వాత పైపుల్లో ఆసిడ్ కలిపి వదిలి, చివర మూతలు విప్పి కడగడం నేర్చుకున్నాం. ఇప్పుడు మా ఊళ్లో డ్రిప్ లేని బోరు కింద కూరగాయలు వేసేవాళ్లు దాదాపు లేరు. ఇదంతా పీవీ చలవే అనడం లేదు. డ్రిప్ పరికరాలు ఇక్కడి కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి. అయితే 1992 జనవరిలో ఢిల్లీలో ఆ ప్రకటన రాకపోతే ఇజ్రాయెల్ ఇంజనీర్లు అంత తొందరగా కుప్పం దాకా వచ్చేవాళ్లు కాదు.

నా దగ్గర చదివేవాళ్లకు పీవీ విదేశాంగ విధానం అర్థం కావాలంటే 1993 సెప్టెంబర్ ఒక్క నెల పట్టుకోమంటాను. నెల మొదట్లో బీజింగ్. 7వ తేదీన చైనాతో వాస్తవాధీన రేఖ వెంట శాంతి కాపాడే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సరిహద్దు ఎక్కడన్నది తేల్చకుండానే, తేలేదాకా ఎవరూ బలప్రయోగం చేయకూడదన్నది దాని సారం. తేలని తగాదాను తేలని తగాదాగానే కాగితం మీద పెట్టారని తిట్టేవాళ్లున్నారు. కానీ 2020 జూన్‌లో గల్వాన్‌లో 20 మంది మన జవాన్లు చనిపోయేదాకా, ఆ కాగితం, దాని వెనుక వచ్చిన మరికొన్ని ఒప్పందాలు కలిసి పాతికేళ్లు పైనే పనిచేశాయి. డబ్బు లేని రోజుల్లో ఉత్తరాన సైన్యం ఖర్చు పెరగకుండా ఆపడం చిన్న విషయం కాదు. బీజింగ్ నుంచి అటే దక్షిణ కొరియా వెళ్లారు.

ఆ నెల్లోనే టెహ్రాన్. 1979 విప్లవం తర్వాత ఇరాన్ వెళ్లిన మొదటి భారత ప్రధాని ఆయనే. బాబ్రీ మసీదు కూలి అప్పటికి తొమ్మిది నెలలే. ఆ కూల్చివేతను ఆపలేకపోయిన ప్రధాని ఒక ఇస్లామిక్ రిపబ్లిక్‌కు అతిథిగా వెళ్లి, సత్కారం అందుకుని వచ్చారు. ఇది ఎలా సాధ్యమైందని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. దాని ఫలితం మరుసటి ఏడాది కనిపించింది. జెనీవాలో మానవ హక్కుల కమిషన్ ముందు కశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం పెట్టింది. గెలిస్తే విషయం ఐక్యరాజ్యసమితిలో ఇంకా పైకి పోయేది. పీవీ మన బృందానికి ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని నాయకుడిగా పంపారు. ఫరూక్ అబ్దుల్లా, సల్మాన్ ఖుర్షీద్ కూడా వెళ్లారు. అందరూ ఆ బృందం గురించే చెప్పుకుంటారు. అసలు పని ఇంకోచోట జరిగింది. జబ్బుతో లేవలేని స్థితిలో ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్‌ను విమానం ఎక్కించి టెహ్రాన్ పంపారు. ఇరాన్, చైనా తనతో కలిసి రావని తేలాక 1994 మార్చిలో పాకిస్తాన్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

అదే 1993 సెప్టెంబర్‌లో శ్రీహరికోటలో మొదటి పీఎస్ఎల్వీ రాకెట్ సముద్రంలో పడింది. శ్రీహరికోట ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోదే. మబ్బు లేకపోతే రాకెట్ తోక ఇక్కడ మేడల మీద నుంచి కూడా కనబడుతుంది. ఇంతకంటే పెద్ద దెబ్బ అంతకు రెండు నెలల ముందే తగిలింది. క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) రాకెట్ ఇంజన్లు, వాటి తయారీ పరిజ్ఞానం ఇస్తామని 1991లో సోవియట్ అంతరిక్ష సంస్థ గ్లావ్‌కాస్మోస్ ఒప్పుకుంది. అమెరికా 1992లో ఇస్రో మీద, ఆ సంస్థ మీద ఆంక్షలు పెట్టింది. 1993 జులైలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రభుత్వం లొంగిపోయి, ఇంజన్లు ఇస్తాం గానీ పరిజ్ఞానం ఇవ్వం అంది. పీవీ గొడవ చేయలేదు. రష్యాతో తెంచుకోలేదు, అమెరికాను తిట్టనూ లేదు. పైగా మరుసటి మే నెలలో వాషింగ్టన్ వెళ్లి అమెరికా కాంగ్రెస్ ఉభయ సభల్లో ప్రసంగించారు. ఇది లౌక్యమా, చేతగానితనమా అని క్లాసులో వాదన పెడితే ఆ పూటకు పాఠం అయిపోయినట్టే. రెండూ కొంచెం కొంచెం అన్నది నా లెక్క. రష్యా ఇంజన్‌తో మొదటి జీఎస్ఎల్వీ రాకెట్ 2001లో ఎగిరింది. మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో గెలుపు 2014 జనవరిలో గానీ రాలేదు.

అణు పరీక్షల మాట కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 1995 డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో ఏర్పాట్లు అమెరికా ఉపగ్రహాల కంటపడ్డాయి, పరీక్ష ఆగింది. 1998లో వాజ్‌పేయి ఆ పని పూర్తి చేశారు. పీవీ పోయినప్పుడు, దానికి అన్నీ సిద్ధం చేసి ఇచ్చింది ఆయనేనని వాజ్‌పేయి స్వయంగా చెప్పారు.

లుక్ ఈస్ట్ దగ్గరకు వస్తే, 1992లో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి)తో మనకు కొన్ని రంగాలకు పరిమితమైన చర్చా భాగస్వామ్యం, 1995లో పూర్తి చర్చా భాగస్వామ్యం దక్కాయి. 1994 రిపబ్లిక్ డేకు సింగపూర్ ప్రధాని గో చోక్ టాంగ్ వచ్చారు. పీవీ అదే ఏడాది సింగపూర్ వెళ్లి తూర్పు ఆసియా వైపు మన కొత్త చూపు గురించి ప్రసంగించారు. ఆ తర్వాత శ్రీపెరంబుదూరు వైపు హ్యుందాయ్, సత్యవేడు దగ్గర శ్రీసిటీలో జపాన్ కంపెనీలు వచ్చాయి. నా పాత విద్యార్థుల్లో సగం మంది గ్రూప్స్ రాక అక్కడ షిఫ్టుల్లో చేరినవాళ్లే. ఇదంతా ఆయన ఖాతాలో వేయడం అతి అవుతుంది, మధ్యలో ఎన్నో ప్రభుత్వాలు పనిచేశాయి.

దీనికి నష్టం వైపు కూడా ఉంది, అది పరీక్ష పుస్తకాల్లో దొరకదు. 1994లో పామోలిన్ దిగుమతికి ప్రైవేటు వ్యాపారులకు తలుపులు తీశారు. ఇండోనేషియా, మలేషియాల నుంచి నూనె చౌకగా వచ్చిపడింది. 2010 నుంచి ఆసియాన్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. చిత్తూరు జిల్లా అంటే ఒకప్పుడు చెనక్కాయల (వేరుశనగ) జిల్లా. వానలు మొహం చాటేయడం ఒక కారణమైతే, పంట పండిన ఏడాది కూడా ధర రాకపోవడం ఇంకో కారణం. మా నాయన మెట్ట పొలంలో చెనక్కాయలు మానేసి మామిడి పెట్టాడు, మా ఊరి దగ్గరి నూనె మిల్లు గోడౌన్‌గా మారిపోయింది.