ఊరు ఎంచుకునే ముందు వంటిల్లు చూడు

చిరంజీవి నానికి, అత్త ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. కంపెనీవాళ్ళు నీ ముందు మూడు ఊళ్ళు పెట్టారట, సింగపూర్, జర్మనీలో హాంబర్గ్, అమెరికాలో డల్లాస్. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలట. వినగానే గుండె పొంగింది. ఫోన్ పెట్టేశాక దిగులు పట్టుకుంది. కోనసీమలో ముసురు పట్టిందంటే చాలు, చిన్నప్పుడు నీకు పిల్లికూతలు మొదలయ్యేవి. మీ నాయనమ్మ నిన్ను ఒళ్ళో నిలువుగా కూర్చోబెట్టుకుని తెల్లవార్లూ వీపు రాసేది. నీకు గుర్తుండదు, మాకు గుర్తే. అందుకే ఇందులో కొన్ని సంగతులు ఒక్క ముక్కలో తేలిపోతాయి, ఒకటి మాత్రం సాగుతుంది. విసుక్కోకుండా చదువు.

మూడు జీతాలూ రూపాయల్లోకి మార్చి కాగితం మీద వేసుకున్నావట. ఆ లెక్కతో దేశం తేలదురా. జర్మనీలో పెళ్ళికాని ఉద్యోగికి పన్ను, ఆరోగ్య బీమా, పింఛను కోత అన్నీ కలిపి జీతంలో మూడో వంతు పైనే పోతుంది. సింగపూర్‌లో పన్ను తక్కువ, ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ వీసా) మీద వెళ్ళినవాడికి అక్కడి ప్రావిడెంట్ ఫండ్ కోత కూడా లేదు, కానీ ఆ మిగులును ఇంటద్దె తినేస్తుంది. డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. ఆ మిగిలింది కారు వాయిదాకీ, కారు ఇన్సూరెన్స్‌కీ పోతుంది. మంగళవారం రాత్రి ఏడున్నరకి ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తావు చూడు, ఆ పూట ఏ ఊళ్ళో ఎలా గడుస్తుందో రాసుకో. కూరగాయల కొట్టు ఎంత దూరం, పొయ్యి ఎలాంటిది, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవి రాసుకో.

సింగపూర్‌లో ఆ పూట చాలా సుఖం. ఇంటి కింద నాలుగు అడుగులు వేస్తే హాకర్ సెంటర్, అంటే చవక తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు, నాలుగైదు సింగపూర్ డాలర్లకి వేడివేడి తిండి. తిన్నాక ట్రే నువ్వే తీసుకెళ్ళి పెట్టాలి, 2021 నుంచి అది చట్టం. కరివేపాకు, అరటాకు, ములక్కాడ, బతికున్నట్టుండే చేప, అన్నీ సెరంగూన్ రోడ్డు మొదట్లో ఉన్న టెక్కా సెంటర్‌లో దొరుకుతాయి. చిక్కు ఇంట్లో ఉంది. గది అద్దెకి ఇచ్చేవాళ్ళు చాలామంది ఒప్పందంలో 'లైట్ కుకింగ్' అని రాస్తారు. అంటే నూడుల్స్ ఉడకబెట్టుకో, గుడ్డు వేసుకో, అంతే. మన చేపల పులుసు, ఇంగువ తాలింపు కుదరవు. సంతకం పెట్టే ముందే అడుగు, అడిగింది కాగితం మీద రాయించుకో. ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్లలో అద్దె కాలం ఆరు నెలలకి తక్కువ ఉండదు, నచ్చలేదని మర్నాడు లేచి రాలేవు.

డల్లాస్‌లో ఆకలి భయం లేదు. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లానో వైపు మన సరుకుల కొట్లు, మన హోటళ్ళు బోలెడు. మన చెరువుల్లో పెరిగిన వెనామీ రొయ్యలు కూడా ఐస్‌లో గడ్డకట్టి, సంచీ మీద 'ఇండియా' అని రాసి కనబడతాయి. ఇబ్బంది ఏమిటంటే ఆ కొట్టుకి నడిచి వెళ్ళలేవు. ఫ్రిస్కోకి డార్ట్ రైలు, అంటే డల్లాస్ లోకల్ రైలు, లేదు. లైసెన్సు వచ్చేదాకా పాలకీ, మందుకీ కూడా ఎవరినో బతిమాలుకోవాలి. మొదటి నెలలన్నా స్టోర్ పక్కన అపార్ట్‌మెంట్ చూసుకో, అద్దె కొంచెం ఎక్కువైనా సరే. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపదు. జాలీలోంచి తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుంది. మిరపకాయలు మాడితే స్మోక్ అలారం కూస్తుంది. అందరూ చేసినట్టు దాని బ్యాటరీ మాత్రం పీకకు. తాలింపు చిన్న మంట మీద, మూత అడ్డం పెట్టి, కిటికీ తీసి వేసుకో.

ఇక హాంబర్గ్. అక్కడ నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, నెలకి ఒక్క టికెట్‌తో దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు ఎక్కొచ్చు. ఆదివారం కొట్లు మూసేస్తారు, కాబట్టి శనివారమే పాలు, పెరుగు తెచ్చి పెట్టుకో. ఆదివారం తెరిచేవాటిలో నీకు నచ్చేది ఎల్బే నది ఒడ్డు చేపల సంత. 1703 నుంచి జరుగుతోంది, తెల్లవారుజామున మొదలై తొమ్మిదిన్నరకల్లా ఎత్తేస్తారు. నది ఒడ్డున, చలిలో, చేపలమ్మేవాళ్ళు గొంతెత్తి అరుస్తుంటే వినాలి. మన సరుకులు పెద్ద స్టేషన్ దగ్గర స్టైన్‌డామ్ వీధిలో దొరుకుతాయి.

అక్కడ ఇల్లు అంటే ఖాళీ డబ్బా అనుకో. వంటింట్లో పొయ్యి, సింకు, అలమరలు ఏవీ లేకుండా గోడలు మాత్రమే అప్పజెప్పడం మామూలు, కొన్నిసార్లు లైట్లు కూడా ఊడదీసుకుపోతారు. 'వంటిల్లు ఉందా' అని అడిగి, ఫోటో తెప్పించుకో. ప్రకటనలో రెండు అద్దెలు ఉంటాయి. 'కాల్ట్' అంటే ఉట్టి అద్దె, 'వార్మ్' అంటే హీటింగు, నీళ్ళ ఖర్చులు కలిపినది, నీ బడ్జెట్‌కి రెండోదే లెక్క. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకి మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు నీకు ఉంది. ఇల్లు ఖాళీ చెయ్యాలంటే మూడు నెలల ముందు రాసి ఇవ్వాలి. ఇంట్లో చేరిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి పేరు నమోదు చేయించుకో, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అది లేకపోతే పన్ను నంబరు దగ్గర్నుంచి అన్నీ ఆగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. మన పక్క లంక గ్రామం నుంచి జర్మనీ వెళ్ళిన కుర్రాడు ఒకడు చేసిన తప్పు ఇది. పేరు చెప్పను, మంచివాడు, తెలివైనవాడు. నవంబరులో చేరాడు. చలి అని కిటికీలన్నీ బిగించాడు. బయటికెళ్ళేటప్పుడు హీటర్ కట్టేసేవాడు, డబ్బు మిగులుతుందని. రోజూ అన్నం మూత లేకుండా ఉడకబెట్టాడు, ఆదివారాలు ఇడ్లీలు ఆవిరి పట్టాడు, ఉతికిన బట్టలు పడక గదిలో తాడు కట్టి ఆరేశాడు. ఫిబ్రవరిలో మంచం జరిపి చూస్తే గోడ నల్లగా ఉంది. బూజు. అలమర వెనక అరచేతులంత మచ్చలు. అప్పటికే నెల రోజులుగా దగ్గు, చలి వల్ల అనుకున్నాడు. గోడ బాగు చేయించే ఖర్చు కింద యజమాని డిపాజిట్‌లోంచి పట్టుకున్నాడు. డబ్బు పోతే పోయింది, దగ్గు మాత్రం వేసవి దాకా తగ్గలేదు. నానీ, నీ ఛాతీతో నువ్వు ఆ గదిలో ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తలుచుకోబుద్ధి కావడం లేదు.

ఎందుకలా అవుతుందో తెలుసుకో, అప్పుడు ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. వెచ్చటి గాలి నీటిని ఎక్కువ పట్టుకుంటుంది. ఆ గాలి చల్లటి గోడ మూలకి తగిలితే మోయలేక నీళ్ళు వదిలేస్తుంది. ఆ తడి మీద బూజు మొలుస్తుంది. ఒక మిషను బట్టలు గదిలో ఆరితే లీటరు, రెండు లీటర్ల నీళ్ళు గాలిలో కలుస్తాయి. నలుగురున్న ఇంట్లో వంట, స్నానం, ఊపిరి అన్నీ కలిపి రోజుకి ఎనిమిది, పది లీటర్లు అవుతుంది. మనకి ఈ బాధ తెలియకపోవడానికి కారణం మన ఇళ్ళు. మండువా లోగిలిలో నడిమింట్లోనే ఆకాశం కనబడుతుంది, ఆవిరి దాని దారిన అది పోతుంది. అక్కడి ఇల్లు చలికి బిగించి కట్టింది, కిటికీ నువ్వు తియ్యాలి.

ఇందులో మనవాళ్ళకి తలకెక్కనిది ఒకటుంది. శ్రావణంలో మన ఇంట్లో చెమ్మగా ఉంటే తలుపు తీసినా లాభం లేదు, బయట గాలి ఇంకా చెమ్మ. హాంబర్గ్ చలికాలంలో తిరగబడుతుంది. బయట వాన పడుతున్నా, మంచు పడుతున్నా, ఆ చల్లగాలిలో నీరు చాలా తక్కువ. అది లోపలికొచ్చి వేడెక్కితే గది పొడిబారుతుంది. కాబట్టి వానగా ఉందని కిటికీ మూసి కూర్చోకు. హ్యాండిల్ అడ్డంగా తిప్పితే కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పైభాగం మాత్రం వాలుతుంది. వాల్చి గంటలకొద్దీ వదిలేస్తే గోడ చల్లబడుతుంది, బూజుకి అదే కావాలి. ఎదురెదురు కిటికీలు పూర్తిగా తీసి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, మూసెయ్. పొద్దున్న లేవగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, వంటకీ స్నానానికీ తర్వాత వెంటనే. తీసినంతసేపూ హీటర్ తగ్గించు, మూశాక మళ్ళీ పెంచు. హీటర్ మీటలో 3 అంటే దాదాపు 20 డిగ్రీలు, ఇంట్లో లేకపోయినా పూర్తిగా కట్టెయ్యకు. మంచం, అలమర బయటి గోడకి అరచెయ్యి దూరం జరుపు. అన్నానికి మూత పెట్టు. బట్టలు గదిలో ఆరెయ్యక తప్పకపోతే ఆ గది తలుపు మూసి, కిటికీ మాటిమాటికీ తియ్యి. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొనుక్కో. అది 60 దాటి దిగకుండా ఉందంటే, నాకు ఫోన్ చేసే ముందు కిటికీ తియ్యి.

మిగతా రెండు ఊళ్ళలో గాలి సంగతి వేరు. సింగపూర్‌లో ఏడాది పొడుగునా మన శ్రావణమే, తోలు బెల్టులకి, చెప్పులకి బూజు పడుతుంది. మూడు నెలలకోసారి ఏసీ సర్వీసు చేయించాల్సింది అద్దెకున్నవాడే అని ఒప్పందాల్లో ఉంటుంది, అది ఎగ్గొట్టకు. కొన్ని సంవత్సరాలు ఇండోనేషియా అడవుల మంటల పొగ కమ్ముకుంటుంది. 2013 జూన్‌లో అక్కడి గాలి సూచీ 400 దాటింది. డల్లాస్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సెడార్ చెట్ల పుప్పొడి ఊపిరి ఆడనివ్వదు.

సామాను గురించి. మిక్సీ జర్మనీకి, సింగపూర్‌కి పనికొస్తుంది, రెండు చోట్లా 230 వోల్టులే, ప్లగ్ మాత్రం మార్చుకోవాలి. అమెరికాలో 120, మన మిక్సీలో అక్కడ పప్పు నలగదు, అక్కడే కొనుక్కో. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అయస్కాంతం అడుగున అతుక్కున్న గిన్నెలే తీసుకెళ్ళు. ఇడ్లీ పిండి మన కొలతే, మినప్పప్పు ఒకటికి రవ్వ రెండు. సింగపూర్‌లో తెల్లారేసరికి పొంగి పొర్లుతుంది. హాంబర్గ్ చలికాలంలో ఓవెన్‌లో బల్బు మాత్రం వెలిగించి పెట్టు, పన్నెండు గంటలు దాటినా ఓపిక పట్టు. ఆత్రేయపురం పూతరేకులు నెయ్యితో చేసినవి కదా, యూరప్‌లోకి పాలపదార్థాలు తీసుకెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకు అమెరికాలో తీసేసుకుంటారు, బియ్యం కూడా. ఆవకాయకి అడ్డు లేదు, కానీ అడిగినప్పుడు ఉందని చెప్పు, దాచకు.

మందులు ఆరు నెలలకి సరిపడా కాదు, మొదటి నెలలకి చాలు, డాక్టర్ చీటీ ఇంగ్లీషులో రాయించుకో. ఇన్‌హేలర్ చేతి సంచిలో, పెట్టెలో కాదు. కొడీన్ ఉన్న దగ్గు మందు సింగపూర్‌కి ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళకు. అంబులెన్సు సింగపూర్‌లో 995, జర్మనీలో 112, అమెరికాలో 911. జర్మనీలో రాత్రి ప్రాణం మీదికి రాని జబ్బుకి 116117. ఆదివారం మందుల కొట్టు మూసి ఉంటే, దాని తలుపు మీదే ఆ రోజు తెరిచి ఉన్న కొట్టు పేరు రాసి ఉంటుంది. అమెరికాలో ఆసుపత్రి ఎమర్జెన్సీకి, అర్జంట్ కేర్‌కి (ప్రాణం మీదికి రాని జబ్బుని అప్పటికప్పుడు చూసే క్లినిక్) బిల్లులో చాలా తేడా, నీ బీమా ఏ డాక్టర్లకి వర్తిస్తుందో చేరిన వారంలోనే చూసి పెట్టుకో.

నన్నడిగితే హాంబర్గ్ అంటాను. నడిచి కొట్టుకి పోవచ్చు, ఆయాసం వస్తే బిల్లు గురించి ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి పోవచ్చు. మా తరంలో ఇంట్లోంచి ఒక్కరు రాజమండ్రి దాటితే గొప్ప, నువ్వు ఎల్బే ఒడ్డున చేపలు బేరమాడతావని తలుచుకుంటే నా కళ్ళు తడుస్తున్నాయి. నీ ఇష్టం మాత్రం నీదే. మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు, బూజు సంగతి చదివితే పంపనే పంపదు.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఫోటోలు పంపు. హాలు ఫోటో వద్దు, వంటిల్లు, పడకగది మూలలు, అలమర వెనక గోడ. కిటికీలు ఎన్ని, ఎదురెదురుగా ఉన్నాయా లేదా, అదీ రాయి.

మీ అత్త