పోలిక కుదిరింది, బాధ రాలేదు

ప్రశ్న: ఫొటో మీద గళ్లు గీసుకుని పెన్సిల్‌తో బొమ్మలు వేస్తుంటాను. ఈమధ్య పోయిన మా అమ్మమ్మ బొమ్మ వేస్తే పోలికలన్నీ కుదిరాయి గానీ నా బాధ అందులోకి రాలేదు. నాకంటూ ఒక శైలి వచ్చేదెలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గళ్ల పద్ధతితో వచ్చే చిక్కే ఇది. చెవికమ్మకు ఎంత శ్రద్ధ పెడతామో కళ్లకూ అంతే పెడతాం. ఏది వదలాలో, ఏది పెంచాలో మనం తేల్చుకునే పనే ఉండదు. దానికితోడు వేలితో రుద్ది షేడింగ్ చేస్తే గీతలోని ఒత్తిడంతా చెరిగిపోతుంది, చేతి జిడ్డు అంటి మచ్చలూ పడతాయి.

ఓ నెల ఫొటోను, రబ్బరును పక్కన పెట్టండి. 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం బరువు చెప్పే లెక్క) కాట్రిడ్జ్ కాగితం, అంటే బొమ్మలు గీసే మందపాటి కాగితం ఏ3 సైజుది, విల్లో చార్‌కోల్ (విల్లో చెట్టు కొమ్మల బొగ్గు) పుల్లలు తెచ్చుకోండి. చార్‌కోల్‌తో చిన్న చిన్న వివరాలు వెయ్యడం కష్టం, మనకు కావలసిందీ అదే. కాగితాన్ని నాలుగు భాగాలు చేసి కోపం, భయం, దిగులు, నెమ్మది అనుకుని గీయండి. ఒక్కోదానికి 2 నిమిషాలు. మనిషి, పువ్వు, కన్నీటిబొట్టు ఏవీ వద్దు, ఉత్త గీతలే. మణికట్టుతో గీస్తే గీత బెదురుగా వస్తుంది, భుజం నుంచి చెయ్యి ఆడించండి. కోపం అనగానే మొదట అందరూ మెరుపుతీగలే వేస్తారు. ఆ అరువు సరుకు నాలుగైదు కాగితాలకు అయిపోతుంది.

అప్పుడు అమ్మమ్మను జ్ఞాపకం నుంచి వెయ్యండి. వంగిన వీపో, కొంగుతో కళ్లజోడు తుడిచే చేతులో, ఏది ముందు గుర్తొస్తే దానికే పెద్ద చోటూ చిక్కటి నలుపూ ఇచ్చి, మిగతాది రెండు గీతల్లో తేల్చెయ్యండి. ఒకసారి ఆమెను కింద ఓ మూలన ఉంచి పైనంతా ఖాళీగా వదలండి. ఇంకోసారి కాగితం అంచులు దాటిపోయేంత పెద్దగా వెయ్యండి. మొదటిదాంట్లో ఆవిడ లేని వెలితి, రెండోదాంట్లో ఆవిడ దగ్గరితనం తెలుస్తాయి. ఇలా ఇరవై వేసి గోడకు వరసగా అంటిస్తే, మీకు తెలియకుండానే మళ్లీ మళ్లీ చేసిందేదో కనిపిస్తుంది. దాన్ని పట్టుకోండి.

చిత్రకారులు తోట వైకుంఠం, లక్ష్మా గౌడ్ ఇద్దరిదీ తెలంగాణ పల్లే. ఇద్దరూ బరోడాలో చదివారు, ఇద్దరూ పల్లె మనుషుల్నే వేశారు. అయినా వైకుంఠంది నిండు రంగు, పెద్ద బొట్టు. లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో (లోహపు రేకు మీద గీసి, యాసిడ్‌తో గీతలు తొలిచి అచ్చు తీసే బొమ్మల్లో) సన్నగీతల అల్లిక. సంతకం చూడకుండానే ఎవరిదో చెప్పొచ్చు. ఆ బొట్టును ఎత్తుకొచ్చి సొంత శైలి అనుకునేవాళ్లకూ మన దగ్గర కొదవ లేదు లెండి.

ప్రశ్న: దిగులుగా ఉండే బొమ్మలకు వాటర్ కలర్ వాడితే రంగులు బురదైపోతున్నాయి.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సగం ఆరిన రంగు మీద మళ్లీ కుంచె పెడుతున్నారేమో చూసుకోండి. వేళ్ల వెనకవైపు తాకిస్తే కాగితం చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిసినా బురదే. అల్ట్రామరీన్ నీలం, బర్న్‌ట్ సియన్నా (ఎర్రమట్టిలాంటి గోధుమ రంగు) ఈ రెండే వాడండి. పాళ్లు మార్చితే వెచ్చటి గోధుమ నుంచి చల్లటి బూడిద దాకా వస్తాయి, నీళ్లు తగ్గిస్తే నలుపుకు దగ్గరి ముదురూ వస్తుంది. కాగితం 300 జీఎస్‌ఎం ఉండాలి. పల్చటిదైతే ఉబ్బి గుంటలు పడి రంగు వాటిల్లోనే నిలిచిపోతుంది.