టెక్ సందేహాలు: పోయింది ప్యానెలా, వైరా?

ప్రశ్న: మాది బోడుప్పల్. 2013లో నాన్నగారు డాబా మీద 150 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు పెట్టించారు, గ్రిడ్‌తో సంబంధం లేకుండా 12 వోల్టుల బ్యాటరీకి. ఈమధ్య చార్జింగ్ సరిగ్గా ఎక్కడం లేదు, వైర్ల తొడుగు పెచ్చులూడుతోంది. టెక్నీషియన్ కంట్రోలర్ (ప్యానెళ్లకీ బ్యాటరీకీ మధ్య చార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) దగ్గర వైర్లు ఊడదీసి మీటరు పెట్టి, "20 వోల్టులు వస్తోంది, వైరు ఓకే, ప్యానెళ్లే మార్చాలి" అన్నాడు. నిజమేనా? ఇంట్లో 1.5 స్క్వేర్ ఎంఎం వైరు మిగిలుంది, అది వాడొచ్చా?

జవాబు: ప్యానెళ్లని ఇప్పుడే పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. ఆ 20 వోల్టులు నిజమే, కానీ కరెంటు పారనప్పుడు ఎంత పాడైన వైరైనా చివర్లో వోల్టేజీ దాదాపు పూర్తిగానే చూపిస్తుంది. బ్యాటరీ సగం ఖాళీగా ఉన్న రోజు మధ్యాహ్నం, చార్జ్ అవుతుండగానే, పైన ప్యానెల్ వెనక డబ్బాలో ఒకసారి, కింద కంట్రోలర్ దగ్గర ఒకసారి కొలవండి. పైన 17, కింద 13 వచ్చిందంటే మధ్యలో 4 వోల్టులు వైరే తినేస్తోంది.

మిగిలిన ఇంటి వైరు మాత్రం వద్దు. డాబా నుంచి కంట్రోలర్‌కి 15 మీటర్లు అనుకుందాం, పోనూ రానూ 30. ఆ పొడవుకి 1.5 రాగి తీగ నిరోధం సుమారు 0.35 ఓమ్‌లు, అందులో రెండు ప్యానెళ్ల 16 ఆంపియర్లు పారాలంటే 5.6 వోల్టులు దారిలోనే ఆవిరి. అసలే మన ఎండలకి ప్యానెల్ 65 డిగ్రీలకి కాగిపోయి, 18 వోల్టులు ఇవ్వాల్సింది 15 దగ్గరికి దిగిపోతుంది, ఇక బ్యాటరీకి మిగిలేదేముంది? ఏప్రిల్‌లో ఎండ మాడ్చేస్తుంటే చార్జింగ్ తగ్గిందేంటని చాలామంది తల పట్టుకునేది ఇందుకే. అదే 6 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 1.4 వోల్టులు.

పైగా ఇంటి వైరుకి ఉండే పీవీసీ తొడుగు గోడలో ఉండటానికి చేసింది. ఎండలో పెళుసుబారి పగులుతుంది, వానాకాలం ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి లోపల రాగికి చిలుము పడుతుంది. టేపు చుట్టడమా? నేనూ చుట్టాను, ఒక్క వేసవికే జిగురు కారి ఊడొచ్చింది.

కోఠిలో ట్రూప్ బజార్‌కి వెళ్లి సోలార్ డీసీ కేబుల్ అనే అడగండి, ఎరుపొకటి, నలుపొకటి. మీద 1500 వోల్టుల డీసీ అనీ, ఐఎస్ 17293 (ఈ కేబుళ్లకి మన దేశపు ప్రమాణం నంబరు) అనీ ప్రింటు ఉండాలి. కొస కోసి చూపించమనండి: తీగ రాగి రంగులో కాకుండా వెండిలా తెల్లగా కనిపించాలి, అది తగరం పూత. సోలార్ వైర్లని ఒకదానికొకటి తగిలించే ఎంసీ4 కనెక్టర్లు ఆడా మగా రెండూ ఒకే కంపెనీవి తీసుకోండి, కలగాపులగం చేస్తే వదులై వేడెక్కి కరుగుతాయి. కనెక్టర్ పిన్నుని తీగ మీద కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తానంటే ఒప్పుకోకండి, దానికి క్రింపింగ్ టూల్ ఉంటుంది.

ప్యానెల్ వెనక డబ్బా మూత తెరుచుకునే రకమైతే పాత వైరు తీసి కొత్తది బిగించడమే. లోపల సిలికాన్ నింపేసి ఉంటే తవ్వకండి, బైపాస్ డయోడ్లు (ప్యానెల్‌లో కొంత భాగం మీద నీడ పడితే కరెంటుకి పక్కదారి ఇచ్చేవి) పాడవుతాయి. తొడుగు బాగున్నంత వరకు ఒక జానెడు పాత వైరు ఉంచి అక్కడ కనెక్టర్ వేయండి.

పని మాత్రం పొద్దు గూకాకే. ఎండలో లోడు మీద ఉన్న కనెక్టర్ లాగితే డీసీ నిప్పురవ్వ ఏసీలా తనంతట తాను ఆరదు. ముందు ప్యానెల్ వైర్లు, తర్వాత బ్యాటరీ వైర్లు విప్పాలి. కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, లేకపోతే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి. 12 వోల్టులే కదా అని బ్యాటరీ దగ్గర ధీమా వద్దు, షాక్ కొట్టదు గానీ రెండు టెర్మినళ్లకీ స్పానర్ తగిలితే ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ పాజిటివ్ పక్కన ఫ్యూజు లేకపోతే పనిలో పనిగా పెట్టించేయండి.

ఇదంతా చేశాక కూడా చార్జ్ నిలవకపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. మీ వైపు కోతులుంటే కేబుల్‌ని పైపులోంచి తీయండి. నేను తీయలేదు, అందుకే రెండుసార్లు కొన్నాను.