ఒకే ఇంట్లో రెండు టెట్‌లు

ప్రశ్న: నేను డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష)-2003 బ్యాచ్ ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ప్రాథమిక తరగతుల టీచరు). వయసు 47. బీసీ-డి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. సుప్రీంకోర్టు తీర్పుతో మాలాంటి వాళ్లు కూడా టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాస్ కావాలంటున్నారు, నిజమేనా? ఇక మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసింది. టెట్ పేపర్-2లో (ఆరు నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకు) 92 మార్కులు వచ్చాయి. ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుందా? మళ్లీ రాయాలా? బ్రిడ్జి కోర్సు (బీఈడీ వారికి ప్రాథమిక బోధనలో ఇచ్చే చిన్న శిక్షణ) చేస్తే ఎస్జీటీకి కూడా అర్హత వస్తుందని ఎవరో చెప్పారట. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ సంగతి చూద్దాం. మీరు అడిగింది ఎక్కువగా అమ్మాయి గురించే అయినా, గడువు తరుముతున్నది మిమ్మల్ని.

మీరు విన్నది నిజమే. అంజుమన్ ఇషాత్-ఎ-తాలీమ్ ట్రస్ట్ కేసులో 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, విద్యాహక్కు చట్టం రాకముందు ఉద్యోగంలో చేరినవారినీ టెట్ పరిధిలోకి తెచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారిలో పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవారు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి. అంతకన్నా తక్కువ సర్వీసు మిగిలినవారు టెట్ లేకుండానే కొనసాగవచ్చు గానీ, ప్రమోషన్ కావాలంటే వారికీ తప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 62 కాబట్టి మీకు ఇంకా పదిహేనేళ్ల సర్వీసు ఉంది. అంటే తీర్పు ప్రకారం 2027 ఆగస్టు చివరికల్లా మీరు పాస్ కావాలి. పాస్ కానివారు ఉద్యోగం వదులుకోవలసి ఉంటుందని, నిబంధనల ప్రకారం తగిన సర్వీసు ఉంటే విరమణ ప్రయోజనాలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఇరవై ఏళ్లు బడి నడిపిన మనిషిని మళ్లీ పరీక్ష హాల్లో కూర్చోబెట్టడం సబబేనా అని నన్నడిగితే, నాకూ మనసొప్పదు. సంఘాలు పోరాడుతున్నాయి, పోరాడనివ్వండి. రివ్యూ, సవరణ, మినహాయింపు అంటూ స్టాఫ్ రూమ్‌లో ఎన్ని వార్తలు వినబడినా, మీరు మాత్రం ఈ లోపు పుస్తకం మూయవద్దు.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మీకు మార్కులతో పని లేదు, పాస్ అయితే చాలు. 150 మార్కుల్లో ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే పాస్. మీరు తెచ్చుకోవలసినవి 75. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క బిట్టు కూడా వదలకూడదు. మీరు రాయవలసిన పేపర్-1లో (ఒకటి నుంచి ఐదు తరగతుల టీచర్లకు) శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిషు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్కటి 30 మార్కులకు ఉంటాయి. వీటిలో తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం మీరు రోజూ చెప్పే పాఠాలే. పాఠ్యపుస్తకాలను ఈసారి విద్యార్థిలా మరోసారి చదవండి, కాస్త పై తరగతుల పుస్తకాలు కూడా తిరగేయండి. ఆ మూడింటిలోనే 55, 60 దగ్గరకు రావచ్చు.

మీ బ్యాచ్ వాళ్లు భయపడేది శిశు వికాసానికి. పియాజే, వైగోట్‌స్కీ, కోల్‌బర్గ్ వంటి మనోవిజ్ఞానవేత్తల పేర్లు టీటీసీలో (టీచర్ శిక్షణ కోర్సులో) చదివి ఎప్పుడో వదిలేసి ఉంటారు. కానీ విషయం మీకు కొత్త కాదు. 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాసే పిల్లవాడు ప్రతి ఏడాదీ మీ తరగతిలో ఒకడైనా ఉంటాడు. వాడు పైన ఉన్నదా కింద ఉన్నదా అని చూడడు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తాడు. ఆ తప్పు ఎందుకు వచ్చింది, వాడికి పదుల కట్టలు విప్పి చూపించాలా లేక ఎక్కాలు వల్లెవేయించాలా అనే తరహాలోనే బోధనాశాస్త్రం బిట్లు ఉంటాయి. వాటికి జవాబు మీ అనుభవంలోనే ఉంది. మీరు పట్టుకోవలసినది సిద్ధాంతాల పేర్లు, దశలు, విద్యాహక్కు చట్టం, జాతీయ విద్యావిధానం-2020లోని ముఖ్యాంశాలు. వీటికి ఒక నోట్‌బుక్ చాలు.

రెండో ఇబ్బంది కంప్యూటర్. పరీక్ష ఆన్‌లైన్‌లో, రెండున్నర గంటలు. జవాబులు తెలిసినా మౌస్ తడబడి, మిగిలిన సమయం చూసి కంగారుపడి నష్టపోయేవారు ఉన్నారు. టెట్ వెబ్‌సైట్‌లో పెట్టే నమూనా పరీక్షను ఇంట్లో అమ్మాయి పక్కన కూర్చుని కొన్నిసార్లు రాయండి. స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల సబ్జెక్టు టీచరు) ప్రమోషన్ ఆశ కూడా ఉంటే పేపర్-2 సైతం రాసి పెట్టుకోవడం మంచిది. అయితే ముందు పేపర్-1, ఉద్యోగం నిలిచేది దానితోనే. పాస్ అయ్యాక ఆ వివరాలను సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవడం మరవకండి.

ఇక అమ్మాయి విషయం. ఆమె సర్టిఫికెట్‌కు గడువు లేదు. మొదట్లో టెట్ ఏడేళ్లే చెల్లేది. 2021లో కేంద్రం దాన్ని జీవితకాలానికి మార్చి, 2011 నుంచి పాసైన వారందరికీ వర్తింపజేసింది. అమెరికాలో టీచర్లుగా ఉన్న మన బంధువులు లైసెన్సు రెన్యువల్ అంటుంటే విని కంగారు పడకండి. టెక్సస్‌లో అయితే టీచర్లు ఐదేళ్లకోసారి 150 గంటల శిక్షణ చూపించి సర్టిఫికెట్ పునరుద్ధరించుకోవాలి. మన టెట్‌కు అలాంటిదేమీ లేదు.

గడువు లేదు సరే, మళ్లీ రాయాలా? రాయాలి. మీకు మార్కులు అక్కర్లేదన్నాను కదా, అమ్మాయి విషయంలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఆమెకు వచ్చిన 92ను 20కి కుదిస్తే 12.27. అదే 122 వస్తే 16.27 అవుతుంది. తేడా నాలుగు మార్కులు. డీఎస్సీ రాతపరీక్షలో 160 బిట్లకు 80 మార్కులు, అంటే ఒక్కో బిట్టుకు అరమార్కు. టెట్‌లో 30 మార్కులు పెంచుకుంటే డీఎస్సీలో ఎనిమిది బిట్లు ముందే సరిగ్గా పెట్టినట్టు. ఒక్కో బిట్టు దగ్గరే ర్యాంకులు తారుమారయ్యే పరీక్షలో ఇది చిన్న విషయం కాదు. ఎక్కువ వచ్చిన స్కోరునే వాడుకోవచ్చు కాబట్టి, మళ్లీ రాసి మార్కులు తగ్గినా పాత 92 ఎక్కడికీ పోదు.

మార్కులు ఎక్కడ పోయాయో నేను ఊహించగలను. పేపర్-2లో గణితం, సైన్సు కలిపి 60 మార్కులు. అందులో గణితం సగమే. మిగతా సగంలో జీవశాస్త్రం కూడా ఉంటుంది. మ్యాథ్స్ చదివిన పిల్లలు పదో తరగతితోనే జీవశాస్త్రానికి నమస్కారం పెట్టి ఉంటారు. ఆరు నుంచి పది వరకు ఆ పుస్తకాలను ఓపికగా చదివితే పెరిగే మార్కులు, వచ్చిన గణితాన్నే మళ్లీ రుద్దితే పెరగవు. శిశు వికాసం మీరిద్దరూ కలిసే చదవండి. ఆమెకు సిద్ధాంతం తాజాగా ఉంది, మీకు పిల్లలు తెలుసు.

బ్రిడ్జి కోర్సు మాట మాత్రం వదిలేయండి. బీఈడీ వారు ప్రాథమిక తరగతులకు అర్హులంటూ ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ బ్రిడ్జి కోర్సు, తీర్పుకు ముందే ఆ నోటిఫికేషన్ మీద ఉద్యోగాల్లో చేరినవారి కోసం ఉద్దేశించింది. కొత్తగా ఎస్జీటీ కావాలనుకునే బీఈడీ అభ్యర్థికి అది దారి చూపదు. ఎవరైనా ఫీజు కట్టమంటే కట్టకండి. ఎస్జీటీ కోసమే మళ్లీ రెండేళ్లు డీఎల్‌ఈడీ (ప్రాథమిక తరగతుల టీచర్లకు డిప్లొమా) చదివించడం కూడా నాకు నచ్చదు. ఎస్జీటీ పోస్టులే ఎక్కువ అని అందరూ అంటారు, తెలంగాణ 2024 డీఎస్సీలో అది నిజం కూడా. 11,062 పోస్టుల్లో 6,508 ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంట్ 2,629. కానీ మన రాష్ట్రంలో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే స్కూల్ అసిస్టెంట్ 7,725, ఎస్జీటీ 6,371. టీజీటీ (డిగ్రీ, బీఈడీ చేసిన సబ్జెక్టు టీచరు) పోస్టులు మరో 1,781. బీఈడీ చేసి నష్టపోయామనుకోవలసిన పని లేదు.

డీఎస్సీ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అందుకని అమ్మాయి సీటెట్ (కేంద్ర స్థాయి టెట్) పేపర్-2 కూడా రాయాలి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లో టీజీటీ పోస్టులకు అది కావాలి, చదివే సిలబస్ కూడా చాలావరకు ఒకటే. ఈలోగా ఇంటి దగ్గర్లో ఏదైనా ప్రైవేటు బడిలో ఆరు నుంచి పది తరగతులకు గణితం చెప్పమనండి. జీతం తక్కువే ఇస్తారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా పీల్చిపిప్పి చేసే బడి అయితే వద్దు, చదువుకోవడానికి రోజుకు నాలుగైదు గంటలు మిగలాలి.

ఈసారి టెట్ నోటిఫికేషన్ రాగానే ఇద్దరూ ఒకేసారి దరఖాస్తు చేయండి. మీది పేపర్-1ఏ, ఆమెది పేపర్-2ఏ గణితం, సైన్సు (‘ఏ’ అంటే సాధారణ పాఠశాలల టీచర్లకు). పేర్లు, పుట్టిన తేదీలు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారి ఉంటే మీ దరఖాస్తును సబ్మిట్ చేసే ముందు మరొక్కసారి చూసుకోండి.