బ్లీడింగ్ ఆగింది సరే, లోపలి పొర సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 34. బరువు 86 కిలోలు. పెళ్లై ఏడేళ్లయినా పిల్లల్లేరు. పీసీఓడీ ఉంది. పీరియడ్ రెండు మూడు నెలలకోసారి వస్తుంది, వస్తే ఇరవై రోజులైనా ఆగదు. మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకుంటే ఆగుతోంది. స్కానింగ్‌లో గర్భాశయం లోపలి పొర 19 మిల్లీమీటర్లు ఉందన్నారు. వచ్చే నెల మా గృహప్రవేశం. అప్పటికి పీరియడ్ రాకుండా ఏ మాత్ర వాడాలి?
– ఓ సోదరి, కరీంనగర్

జవాబు: గృహప్రవేశం సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఆ 19 గురించి. పీరియడ్‌కు ముందు పొర కాస్త మందంగానే ఉంటుంది, ఒక్క అంకె చూసి హడలిపోనక్కర్లేదు. కానీ పీసీఓడీ, బరువు, ఏళ్ల తరబడి తప్పుతున్న నెలసరి, మూడూ మీలో కలిశాయి. పీసీఓడీలో చాలాసార్లు అండం విడుదల కాదు, అప్పుడు పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారవదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరను పెంచుకుంటూ పోతుంది, ఒంట్లో కొవ్వు దానికి ఇంకాస్త తోడిస్తుంది. అలా పెరిగిన పొర కొందరిలో క్యాన్సర్ దాకా వెళ్తుంది. ఎక్కువగా నెలసరి ఆగిపోయిన వాళ్లలో చూస్తాం గానీ, నలభై లోపు వాళ్లకు రాదనేం లేదు. మీకు ఉందని ఉత్తరం చూసి చెప్పలేను, లేదనీ చెప్పలేను. తేల్చేది బయాప్సీయే. సన్నటి గొట్టంతో పొర ముక్క తీస్తారు, చాలామందికి ఓపీలోనే అయిపోతుంది. పాప్‌స్మియర్ నార్మల్ అని ఊరుకోకండి, అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష.

ఇక ఆ షాపు మాత్రలు. ఈమధ్య ఒకావిడ పర్సులోంచి సగం వాడిన స్ట్రిప్పులు నాలుగు తీసి టేబుల్ మీద పెట్టింది. ఒకటి నారెథిస్టిరాన్ అనే హార్మోన్ మాత్ర, ఒకటి రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్. మిగతా రెండింటి రేకు చిరిగి పేరే కనిపించలేదు. ఏది ఎన్ని రోజులు మింగిందో ఆమెకే గుర్తులేదు. మందు చెడ్డదని కాదు, ఆ రకం హార్మోన్లు మేమూ ఇస్తాం. కాకపోతే ముక్క పరీక్షించి, డోసు, రోజులు లెక్కగట్టి ఇస్తాం. మీరేమో రక్తం ఆగగానే జబ్బు పోయిందనుకుని ఏళ్లు గడిపేశారు.

రిపోర్టులో ఉత్త మందమే అని వస్తే మాత్రలు గానీ, గర్భాశయంలో అమర్చే హార్మోన్ లూప్ గానీ సరిపోవచ్చు. ఒకవేళ క్యాన్సరే అని తేలినా, తొలిదశలో, తక్కువ తీవ్రతతో పొరకే పరిమితమైతే, పిల్లలు కావాలనుకునే కొందరికి ఎంఆర్ఐ చేసి, క్యాన్సర్ నిపుణుల పర్యవేక్షణలో హార్మోన్ వైద్యం ఇస్తారు. అందుకే స్కానింగ్ ఒక్కటే చూసి గర్భసంచి తీయించుకోమంటే ఒప్పుకోకండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, ప్రెగ్నెన్సీ టెస్ట్ కూడా చేయించాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా అపాయింట్‌మెంట్ అంటూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

వాయిదా మాత్ర అంటారా, బయాప్సీ చేసే డాక్టర్‌నే అడగండి. అప్పటిదాకా మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి, చిరిగినవి కూడా.