కాలేజీలో అదరగొట్టే రైడర్ ప్రో కబడ్డీలో ఎందుకు తేలిపోతాడు?

అంతర్ యూనివర్సిటీ పోటీల్లో చెలరేగిపోయే రైడర్ (కూతకి వెళ్ళేవాడు) ప్రో కబడ్డీ లీగ్ మ్యాట్ ఎక్కగానే ఎందుకు తేలిపోతాడు, తిండా, బలమా, కోచింగా అని అడిగారు. ఆ మూడూ కొంత నిజమే. కానీ నేను చూసినంతలో కుర్రాళ్ళని ముంచేవి రెండే: మూడో రైడ్, లాబీ (కోర్టు పక్కనుండే పట్టీ).

కాలేజీ డిఫెండర్లకి ఓపిక ఉండదు. రైడర్ కాలు చాపాడంటే చాలు, మీద పడిపోతారు. పడ్డవాడిని తాకి వచ్చేయడం పెద్ద పనేం కాదు. ప్రోలో ఒక్కడూ తొందరపడడు. రెండు రైడ్లు ఖాళీగా పంపించేసి మూడోదానికి కాచుకుంటారు. అది డూ ఆర్ డై, పాయింట్ లేకుండా తిరిగొస్తే రైడర్ ఔటే. ఎదుట ఐదుగురే ఉంటే ఇంకా కష్టం. ఎవరినీ తాకకుండా బోనస్ గీత దాటి తెచ్చుకునే పాయింట్ రావాలంటే ఎదుట కనీసం ఆరుగురు ఉండాలి కాబట్టి ఆ దారీ మూసుకుపోతుంది, ఎవరినో ఒకర్ని తాకక తప్పదు. ఇద్దరు కార్నర్లూ, అంటే రెండు చివర్ల డిఫెండర్లూ, ఎండ్ లైన్‌కి ఆనుకుని నిలబడతారు. వాళ్ళని అందుకోవాలంటే మధ్య గీత నుంచి ఐదు మీటర్లు దాటి లోపలికి పోవాలి. అక్కడ కాలు చాపితే చీలమండ వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

దీనికి సాధన గడియారం పెట్టుకునే చేయాలి. ఉన్నది 30 సెకన్లు. మొదటి పది సెకన్లు ఒక పక్కకే ఆడి చెయిన్‌ని (చేతులు పట్టుకుని నిలబడ్డ డిఫెండర్లని) అటు లాగాలి. తర్వాత చప్పున రెండో పక్కకి తిరిగి, 20 నుంచి 23వ సెకను లోపల చెయ్యి వేసెయ్యాలి. 27 దాకా ఊరికే తిరిగి చివర్లో దూకేవాడిని కార్నర్‌కీ మధ్యకీ నడుమ ఉండే కవర్ డిఫెండర్ ఒక్క డాష్‌తో బయటికి నెట్టేస్తాడు. కుర్రాళ్ళు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే.

ఇక లాబీ. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అందులో రెండు పక్కలా ఒక్కో మీటరు లాబీ. తాకితేనే లాబీ ఆటలోకి వస్తుంది, అప్పటిదాకా రైడర్‌కి ఉన్నది 8 మీటర్లే. మట్టి కోర్టుల్లో లాబీ గీతని సున్నంతో గీస్తారు. రెండో సగం వచ్చేసరికి అది కాళ్ళ కింద చెరిగిపోతుంది. కనపడని గీతకి రెఫరీ విజిల్ ఊదడు. దాంతో కుర్రాడి కాళ్ళు 10 మీటర్లకి అలవాటుపడిపోతాయి.

ఆ ఒక్క మీటరు ఎంత పని చేస్తుందో 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో తెలిసింది. అంతకుముందు 2018లో సెమీస్‌లో మనల్ని 27-18తో ఓడించిన ఇరానే మళ్ళీ ఎదుట. స్కోరు 28-28, మిగిలింది నిమిషం పైచిలుకు. మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడ్‌కి వెళ్ళాడు. ఎవరినీ తాకకుండానే లాబీలోకి వెళ్ళిపోయాడు, వెంటపడిన ఇరాన్ డిఫెండర్లూ లాబీలోకి వచ్చేశారు. పాత నిబంధన ప్రకారం తాకకముందు లాబీలోకి వచ్చిన డిఫెండర్లు కూడా ఔట్. ప్రో కబడ్డీలో వచ్చిన కొత్త నిబంధన ప్రకారం రైడర్ ఒక్కడే ఔట్, ఆట అక్కడితో ఆగిపోతుంది. ఏది వర్తిస్తుందో తేలక నిర్ణయం అటూ ఇటూ మారింది. ఆటగాళ్ళు మ్యాట్ మీదే బైఠాయించారు. దాదాపు గంటసేపు మ్యాచ్ ఆగింది. చివరికి మనకి 3 పాయింట్లు, వాళ్ళకి 1 ఇచ్చారు. 33-29తో మనం గెలిచాం. బంగారం వచ్చినందుకు సంతోషమే. కానీ ఫైనల్ ఆఖరి నిమిషంలో ఏ నిబంధనల పుస్తకం తెరవాలో తెలియకపోవడం ఈ ఆటకి అవమానం. ఒక ఆటకి ఒకే పుస్తకం ఉండాలి, కాలేజీ మైదానం నుంచి ఆసియా క్రీడల దాకా.

ఇంకో మాట. అందరూ రైడర్ల గురించే అడుగుతారు. టీవీలో రీప్లే కూడా తాకిన చెయ్యినే చూపిస్తుంది, రెండు అడుగులు జరిగి దారి మూసేసిన కవర్‌ని చూపించదు. ప్రో కబడ్డీ 2025 సీజన్ రెండో క్వాలిఫయర్‌లో తెలుగు టైటాన్స్ 45 పాయింట్లు తెచ్చి కూడా 50 కొట్టిన పుణేరీ పల్టన్ చేతిలో ఓడింది. అన్ని పాయింట్లు తెచ్చాక కూడా ఓడారంటే లోటు కూతలో లేదు, పట్టులో ఉంది.

మీ యూనివర్సిటీ జట్టుకి మ్యాట్ లేకపోతే కనీసం ఈ పని చేయండి. లాబీ గీత మీద సున్నానికి బదులు నవారు పరిచి మేకులు కొట్టండి. మేకుల తలలు పూర్తిగా మట్టిలోకి దిగాలి, లేకపోతే పాదాలు చీరుకుపోతాయి. గీతకి సూటిగా ఒక మనిషిని కూర్చోబెట్టి, తాకకుండా కాలు పడిన ప్రతిసారీ అరిచి ఔట్ చెప్పమనండి. అది ప్రాక్టీసు మ్యాచే అయినా సరే.