వజ్రం కట్ ఎలా ఉందో షాపు లైట్ల కింద తేలదు

పర్లాకిమిడి నుంచి అడిగినవారికి. నిశ్చితార్థం ఉంగరానికి 30 సెంట్ల (క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు) గుండ్రటి వజ్రాలు రెండు చూపించారనీ, రంగూ క్లారిటీ (లోపల మచ్చలు, గీతలు ఎంత తక్కువో చెప్పేది) ఒకటేననీ, ఒకదాని కట్, అంటే కోసిన తీరు, ఎక్సలెంట్, రెండోది వెరీ గుడ్ అనీ, ధరలో తేడా ఉన్నా కంటికి రెండూ ఒకేలా మెరిశాయనీ రాశారు. షాపులో అలాగే మెరుస్తాయి. ఆ స్పాట్ లైట్ల కింద గాజుపెంకు కూడా తళతళలాడుతుంది.

బరంపురంలో మా మేనకోడలి దుద్దులకి రాళ్ళు ఎంచేటప్పుడు ట్రేని గుమ్మం దగ్గరికి, ఎండ నేరుగా పడని చోటికి తెమ్మన్నాను. షాపాయన కుర్రాడితో ఒడియాలో ఏదో గొణిగి, నాతో మాత్రం తెలుగులో "దానికేముంది సార్" అన్నాడు. ముందు రాళ్ళని గుడ్డతో తుడిపించాను. అడుగున వేలి జిడ్డు అంటితే మంచి రాయి కూడా మసకబారుతుంది. నీడలో చూస్తే ఒకదాని నడుమ నల్లటి మచ్చ కనిపించింది, అటూ ఇటూ వంచినా పోలేదు. అడుగుభాగం మరీ లోతుగా కోస్తే వచ్చే దోషం అది. ఇంకోదాంట్లో పై ముఖం లోపల బూడిదరంగు వలయం. దీన్ని ఫిష్ ఐ అంటారు, అడుగు లోతు చాలనప్పుడు రాయి అంచు లోపల ప్రతిబింబించడం వల్ల వస్తుంది. రెండూ పక్కన పెట్టించేశాను. వాటి క్లారిటీ మాత్రం బ్రహ్మాండం!

ఇక రాయితో ఇచ్చే సర్టిఫికెట్ కాగితం సంగతి. వజ్రాలని పరీక్షించి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ 2006 నుంచి గుండ్రటి రాళ్ళకి కట్ గ్రేడ్ ఇస్తోంది. ఎక్సలెంట్ అనేది వాళ్ళ లెక్కలో చాలా వెడల్పైన గది, అందులో పడ్డవన్నీ ఒకే తీరుగా ఉండవు. అందుకే గ్రేడ్ చూసి ఆగిపోకుండా ఆ కాగితం మీద కోణాలు వేసి ఉన్న బొమ్మ చూడండి. నా లెక్కలో పావిలియన్ (అంచు కింది భాగం) కోణం 40.6 నుంచి 41 డిగ్రీల లోపు, క్రౌన్ (అంచు పై భాగం) కోణం 34 నుంచి 35 డిగ్రీల మధ్య, టేబుల్ (పైనున్న చదును ముఖం) వెడల్పు రాయి వ్యాసంలో 54 నుంచి 58 శాతం ఉంటే నిశ్చింత. రెండు కోణాలూ ఎక్కువగా ఉన్న రాయి, అంటే క్రౌన్ 36, పావిలియన్ 41.4 లాంటిది, ఎక్సలెంట్ అని రాసి ఉన్నా నేను తీసుకోను. వెలుతురు పైకి తిరిగి రాకుండా అడుగునుంచే జారిపోతుంది.

కొలత కూడా చూడండి. 30 సెంట్ల గుండ్రటి రాయి వ్యాసం సుమారు 4.3 మిల్లీమీటర్లు ఉండాలి. 4.1 దగ్గర ఆగిపోయిందంటే బరువంతా అడుగునో, మందమైన అంచులోనో దాక్కుంది. 30, 50 సెంట్ల దగ్గర ధర ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి కోసేవాళ్ళు ఆ గీత దాటించడానికి బరువు అలా మిగుల్చుకుంటారు. కనపడని బరువుకి డబ్బు మనం కడతాం.

ఓవల్ (కోడిగుడ్డు ఆకారం), ప్రిన్సెస్ (చదరం) లాంటి ఆకారాలకి జీఐఏ కట్ గ్రేడ్ ఇవ్వదు. అక్కడ పాలిష్ (నునుపు), సిమెట్రీ (ముఖాల పొందిక)లకి ఎక్సలెంట్ అని ఉంటే అదే కట్ అని చెప్పి అమ్మేస్తుంటారు, జాగ్రత్త.

మీ రెండు రాళ్ళలో వెరీ గుడ్ దాని కోణాలు పైన చెప్పిన వాటికి దగ్గరగా ఉండి, నీడలో నడుమ నలుపు లేకపోతే నేనైతే అదే తీసుకుంటాను. ఆ కోణాలు ఒకసారి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఉంగరంలో బిగించకముందే చూడండి, బిగించాక అంచు మందం సరిగ్గా కనపడదు.